వంటయింటి బండ: ఆత్మకూరునుండి ఉదయగిరివరకు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిరి. పెండ్లిలో జరిగిన లోపములు కొన్ని కాలము గడచినకొలది సర్దుకొనును. ఇంటిలో జరిగిన లోపములు గోడలతోపాటు నిలిచియుండును. అందును వంటయింటి గట్టుమీద పరచు బండ సంగతి మరింత కఠినము. గోడ రంగు నచ్చనియెడల మార్చవచ్చును. తలుపు నచ్చనియెడల వేరొకటి చేయించవచ్చును. సిమెంటుతో అతికిన బండ పగులగొట్టినగాని కదలదు. ఇరువది ముప్పది యేండ్లు ఇల్లాలు దానియెదుట నిలిచి కూరలు తరుగవలయును, పిండి కలుపవలయును, పులుసు దింపవలయును, తుడిచి శుభ్రపరుపవలయును. ఇంతటిదానిని ఎన్నుకొను పని మాత్రము చాల యిండ్లలో మేస్త్రీకో, ఇంటి యజమానునికో వదలివేయుదురు. పళ్ళూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి అను సామెత పళ్ళవిషయమున నిజము కావచ్చును గాని వంటవిషయమున నిజము కాదు.

ఇటీవల ఆత్మకూరులో మా తమ్ముడు ఇల్లు కట్టించుచుండగా ఈ సంగతి నాకు బాగుగ బోధపడినది. గోడలు లేచినవి, పూతపని ముగిసినది. వంటగట్టు మాత్రము ఇటుకలతో అట్లే నిలిచియుండెను. తమ్ముడు నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరయు చీమకుర్తి బండ వేయింతుననును. మా అమ్మ కడపబండ చాలుననును; నలుబది యేండ్లు దానిమీదనే వండితిని, నాకేమి తక్కువయినది అనును. మేస్త్రీ, ఇప్పుడు పట్టణములలో అందరును కృత్రిమపు తెల్లరాయి వేయించుచున్నారని చెప్పును. ఇంతకును ఆ గట్టునొద్ద నిలువవలసిన మా మరదలు ఏమియు పలుకదు. ఏకాంతమున నన్ను చేరి, "వదినా, నాకు రాళ్ళ సంగతి తెలియదు. తెలియనిదానిని ఎట్లు వాదింతును?" అనెను. తెలిసికొందము రమ్మంటిని. ఆమె పుట్టినిల్లు ఉదయగిరి. ఆత్మకూరు అంగళ్ళలోని రాళ్ళను చూచి, అటుపిమ్మట ఉదయగిరి వెళ్ళి అక్కడి పాతయిండ్లను, కొండను చూచి వచ్చి, అప్పుడే నిర్ణయింతమని ఏర్పాటు చేసికొంటిమి.

నెల్లూరునుండి ఆత్మకూరునకు పోవు రోడ్డు సంగము మీదుగ సాగును. పెన్నానది తోడుగ వచ్చుచు, మాటిమాటికి వరిచేల వెనుక దాగుచుండును. వెలిగొండలను చీల్చుకొని సోమశిలయొద్ద ఈ నది నెల్లూరు సీమలో ప్రవేశించును. అక్కడనే సోమశిల ఆనకట్ట గలదు. ఆత్మకూరు దాటిన పిమ్మట ఈ రోడ్డే బద్వేలు, మైదుకూరు, జమ్మలమడుగు, తాడిపత్రిమీదుగ బళ్ళారి వైపునకు పోవును. నెల్లూరివారు దీనిని ముంబయి రోడ్డందురు. ఇల్లు కట్టువారికి ఈ మార్గము మిక్కిలి ముఖ్యమైనది. జమ్మలమడుగు, తాడిపత్రి ప్రాంతములు నాపరాళ్ళకు పుట్టినిండ్లు. అచటి బండలు ఈ దారినే కొండలు దాటి దిగివచ్చును. ఉత్తరపు వైపున ఒంగోలు చేరువనున్న చీమకుర్తి నల్లరాయికి గని. ఈ రెంటికిని నడుమనున్న ఆత్మకూరువంటి చిన్న పట్టణమున గూడ రాతి అంగడిలో ఇరువది రకములు కనబడుటలో వింత లేదు.

మొదట పాతయింటనే ఉన్న కడపబండను పరీక్షించితిమి. మా అమ్మ వండిన బండ అది. దీనిని నాపరాయి అనియు, కడపరాయి అనియు పిలుతురు. అది సున్నపురాతిలో ఒక జాతి. యుగములకు ముందు సముద్రపు అడుగున మెత్తని మట్టియు, సున్నమును పొరమీద పొరగ పేరుకొని గట్టిపడగా ఏర్పడినది. కడపజిల్లాలోని నార్జి గ్రామము పేర శాస్త్రజ్ఞులు ఆ సున్నపురాతిని నార్జి రాయి అందురు. పొరలుగ పుట్టినది గనుక, గనిలో గునపము మోపగనే పలకలు పలకలుగ లేచును. యంత్రములు లేని కాలమున మన యిండ్లకు ఇంత చవుకగ, ఇంత చదునుగ బండలు దొరకుటకు అదియే కారణము. బేతంచెర్ల బండలు, తాండూరు బండలు, కర్ణాటకములోని షాబాదు బండలు అన్నియు ఈ సున్నపురాతి కుటుంబములోనివే.

అమ్మ బండ నల్లగ, చల్లగ, నునుపుగ ఉన్నది. కాని పొయ్యికి కుడిప్రక్కన, పులుసుగిన్నె దింపుచోట, అరచేతి వెడల్పున తెల్లబారి గరుకు తేలినది. తొట్టియొద్ద నిమ్మచెక్కలు పెట్టుచోట మరియొక మచ్చ. మరదలు దానిమీద వ్రేలు పెట్టి రాచి, "ఇది తోమినను పోలేదు వదినా, నేను కాపురమునకు వచ్చిన నాటినుండి తోముచునే యున్నాను" అనెను. తోమినంతమాత్రమున ఎట్లు పోవును? అది మురికి కాదు. చింతపండులో టార్టారిక్ ఆమ్లము, నిమ్మపండులో సిట్రిక్ ఆమ్లము, పుల్లమజ్జిగలో లాక్టిక్ ఆమ్లము ఉన్నవి. సున్నపురాతికి ఆమ్లము తగిలినచో పైపొర కరగిపోవును. నునుపు పోయి, రాతి లోపలి రంగు బయటపడును. చేపలపులుసు వండని దినము శుభదినము కాదని తలచు నెల్లూరి యింట ఈ బండమీద ఎంత చింతపులుసు ఒలికియుండునో చదువరులే ఊహింపవచ్చును. కోడలు పదియేండ్లు తన తోముడులో లోపమున్నదని అనుకొన్నది. లోపము తోముడులో లేదు, ఆ పనికి ఆ రాతిని నియమించుటలో ఉన్నది.

మరునాడు రాతి అంగడికి పోయితిమి. చేతిసంచిలో ఒక నిమ్మకాయ, కొంచెము నానిన చింతపండు, కూరకత్తి, ఒక తెల్లని గుడ్డ, చిన్న సీసాలో పసుపు కలిపిన నూనె, కొలతపట్టీ ఉంచుకొంటిమి. అంగడివారు మొదట నవ్విరి. "అమ్మా, రాయి కొనవచ్చినారా, పులిహోర చేయవచ్చినారా?" అని అడిగిరి. పిమ్మట వారే ఆసక్తితో పగిలిన ముక్కలు వరుసగ పేర్చి యిచ్చిరి. ఆ పరీక్షలు ఎవరైనను చేయదగినవి గావున వివరముగ చెప్పెదను.

మొదటిది పులుపు పరీక్ష. బండ ముక్కమీద రెండు చుక్కల నిమ్మరసము, దానిప్రక్కన కొంచెము చింతపండు పిసికి అరగంట ఉంచి కడుగవలయును. కడపబండమీదను, పాలరాతిమీదను మెరపు చచ్చి మచ్చ తేలినది. పాలరాయి ఎంత విలువగలదైనను సున్నపురాతి రూపాంతరమే. తాజమహలునకు వాడిన మక్రానా పాలరాయి గూడ నిమ్మరసమునకు లొంగవలసినదే. గ్రానైటుమీద మచ్చ పడలేదు. ఆత్మకూరునకు గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు దొరకుటకు కొదువ లేదు గనుక ఈ పరీక్షకు ఖర్చేమియు లేదు.

రెండవది కత్తి పరీక్ష. రాళ్ళ కాఠిన్యమునకు 1812లో ఫ్రెడరిక్ మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఒకటి మొదలు పదివరకు మెట్లు ఏర్పరచెను. సున్నపురాతిలోని కాల్సైటు మూడవ మెట్టు. గ్రానైటులోని ఫెల్డ్‌స్పారు ఆరవది, పలుగురాయి ఏడవది. ఉక్కుకత్తి ఇంచుమించుగ అయిదున్నర. కావున కత్తిమొనతో గీచినపుడు కడపబండమీద గాటు పడును. గ్రానైటుమీద మాత్రము కత్తియే అరిగి బూడిదవన్నె గీత విడుచును. దానిని తుడిచినచో పోవును. ఈ పరీక్ష అంగడివారి అనుమతితో ముక్కమీద చేయవలయును గాని అమ్మకపు బండమీద కాదు.

మూడవది నీటి పరీక్ష. బండమీద నీరు పోసి పది నిమిషములు చూడవలయును. నీరున్నచోట రంగు ముదిరినచో ఆ రాయి నీరు త్రాగుచున్నదని యర్థము. నీరు త్రాగు రాయి నూనె, పసుపులను గూడ త్రాగును. అట్టి రాతికి రంధ్రములు మూయు పూత వేయించవలయును. ఆ పూత ఒకసారితో ముగియునది కాదు, కొన్నియేండ్లకు ఒకసారి మరల వేయింపవలయును. పసుపునూనె చుక్క వేసి ఒక రాత్రి ఉంచి చూచుట ఇంకను మేలు. లేతరంగు గ్రానైట్లలో కొన్ని ఈ పరీక్షయందు ఓడిపోవును.

నాల్గవది గుడ్డ పరీక్ష. కొన్నిచోట్ల బూడిదవన్నె రాతికి నల్లరంగు పట్టించి నల్లరాయిగ అమ్ముట గలదు. కిరసనాయిలులోనో, స్పిరిటులోనో తడిపిన తెల్లగుడ్డతో గట్టిగ రుద్దినచో ఆ కృత్రిమపు నలుపు గుడ్డకు అంటుకొనును. నిజమైన నలుపు అంటదు.

అయిదవది కంటికి, చెవికి సంబంధించినది. బండను ఎండలోనికి తెప్పించి వాలుగ చూడవలయును. దీపపు వెలుగులో కనబడని నెరియలు ఎండలో కనబడును. వెనుకవైపు తడిపి, ఆరుచున్నపుడు గమనింపవలయును. తక్కిన బండ అంతయు ఆరినను ఒక సన్నని గీత తడిగనే యున్నచో అక్కడ పగులు ఉన్నదని తెలియవలయును. వ్రేలి కణుపుతో తట్టినపుడు గంటవలె మ్రోగినది మంచిబండ, బోలుగ పలికినది లోపముగల బండ. కుండను కొనునపుడు మన పెద్దలు చేయు పరీక్షయే ఇది. వెనుకవైపు వలవంటి బట్ట అతికించియున్నచో ఆ రాయి తనంత తాను నిలువలేదని అర్థము. మందము నాలుగుచోట్ల కొలువవలయును. 20 మిల్లీమీటర్లని చెప్పిన బండ ఒక మూల 16 ఉండుట అరుదు కాదు. 20 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపుటడుగునకు ఇంచుమించు 5 కిలోల బరువుండును. పదియడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుగల గట్టుమీద నూరుకిలోల బరువు పడునని తెలిసికొని క్రింది గోడలు కట్టింపవలయును.

తమ్ముడు కోరిన చీమకుర్తి బండ ఈ పరీక్షలన్నిటిలోను నెగ్గినది. దానిని వర్తకులు బ్లాక్ గెలాక్సీ అందురు. గెలాక్సీ అనగా నక్షత్రమండలము. చుక్కలు బంగారము కాదు, అభ్రకమును కాదు. బ్రాంజైటు అను ఖనిజము. శాస్త్రజ్ఞులు దీనిని గ్రానైటుగ గూడ పరిగణింపరు. భూగర్భమున కరగిన ద్రవము మెల్లగ చల్లారి ఏర్పడిన గాబ్రో జాతి రాయి యందురు. ప్రపంచమున అనేక దేశములకు ఇది మన ప్రకాశము జిల్లానుండియే పోవుచున్నది. ఇంత కీర్తిగల రాయిని మరదలు చాలసేపు చూచి, తన చేతిసంచిలోని కొంచెము మైదాపిండి చల్లి, తుడిచి, మరల నీరు చల్లి చూచెను. నీరు ఆరినచోట తెల్లని చారలు నిలిచినవి. మన బోరునీటిలో సున్నము అధికము. నల్లని అద్దమువంటి బండమీద ప్రతి నీటిచుక్కయు ఆరి తెల్లచార యగును. "అందమైనదే వదినా. కాని దీనిని రోజునకు పదిసార్లు తుడువవలసినది నేనే గదా!" అని ఆమె అనెను. రాళ్ళ సంగతి తెలియదన్న మనిషి ఆమెయే.

మూడవనాడు ఉదయగిరికి బయలుదేరితిమి. ఆత్మకూరునుండి వాయవ్యముగ పోవుకొలది చేలు పలుచనై, తుమ్మలు, ఎఱ్ఱనేల, రాతిగుట్టలు ఎక్కువగును. దారి ప్రక్కన నేల అక్కడక్కడ తళతళ మెరయును. అది అభ్రకము. ఒకప్పుడు గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాలయందు అభ్రకపు గనులు ఉండెడివి. నెల్లూరి అభ్రకము విదేశములందు పేరుపొందినది. ఈ ప్రాంతపు నేలక్రింద పొరలుగ విడిపోవు ఒక ప్రాచీన శిలాజాతి గలదు. దానిని షిస్టు అందురు. నెల్లూరు షిస్టు మేఖలలోని రెండు భాగములకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు వింజమూరు, ఉదయగిరి. మన యూళ్ళ పేర్లు శిలాశాస్త్రమున ఇట్లు నిలిచియున్నవి. అయితే ఊరి రాయి గదా యని షిస్టును వంటగట్టునకు వాడరాదు. అభ్రకము మెండుగనున్న రాయి తడికి, రాపిడికి రేకులు రేకులుగ లేచిపోవును. మెరపు చూచి మోసపోరాదని ఈ నేలయే చెప్పుచున్నది.

ఉదయగిరి కొండ ఊరిమీదికి వంగి చూచుచున్నట్లుండును. ఎత్తు 3,079 అడుగులని పాత గెజిటీరులు వ్రాసినవి. మొత్తము పదుమూడు కోటలు. ఎనిమిది కొండమీద, అయిదు క్రింద. నిట్టనిలువుగ లేచిన కొండచరియలే వీనికి ప్రాకారములు. శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి ఈ దుర్గమును 1514లో జయించెను. ముట్టడి ఏడాదిన్నర సాగినదనియు, సేనలు బురుజులను చేరుటకు రాయలు పెద్దపెద్ద బండరాళ్ళను పగులగొట్టించి బాట వేయించెననియు పోర్చుగీసు చరిత్రకారుడు నూనిజ్ వ్రాసెను. జయించిన పిమ్మట రాయలు ఇక్కడినుండి బాలకృష్ణుని శిలావిగ్రహమును కొనిపోయి, 1515లో విజయనగరమున గుడి కట్టించి ప్రతిష్ఠించెను. ఆ విగ్రహము ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది. కొండమీదను, క్రిందను శిథిలమైన గుడులు, మండపములు, గోలకొండ నవాబుల కాలపు మసీదులు గలవు. గుడికైనను మసీదుకైనను మోయు స్తంభమునకు ఒక రాయి, చెక్కు బొమ్మకు ఒక రాయి, నింపు గోడకు ఒక రాయి ఏర్పరచుట పనివారి విద్య. ఉత్తరమున భైరవకోనలో కొండనే తొలచి ఎనిమిది శివాలయములు చెక్కిన శిల్పులకు గూడ ఏ రాతి స్వభావమేమో తెలిసియుండవలయును.

కోట చూచి వచ్చి మరదలి పుట్టినింట విశ్రమించితిమి. పెరటివసారాలో ఆమె నాయనమ్మగారి కాలపు రోలు, తిరగలి, సన్నికల్లు వరుసగ ఉన్నవి. మరదలు వానిని చిన్ననాటినుండి చూచుచున్నది. ఆనాడు మాత్రము కత్తి తీసి తిరగలి అంచున గీచి చూచెను. గాటు పడలేదు. వియ్యపురాలు నవ్వి, "అమ్మాయీ, తిరగలిని ఎవరైనను కడపరాతితో చేయింతురా? పిండితోపాటు సున్నమును తినవలసివచ్చును" అనెను. ఆమె బడిలో రాళ్ళ శాస్త్రము చదివినది కాదు. అయినను సంగతి అంతయు ఆ ఒక్కమాటలో ఉన్నది. మెత్తనిరాయి అరిగి అన్నములో పడును. అందుచేత నూరుటకు, విసురుటకు గట్టిరాయి. నున్నగ పొరలు విడివడునది నడచుటకు, కూర్చుండుటకు. సన్నని రేకులుగ చీలు మార్కాపురపు రాయి పిల్లలకు వ్రాతపలక. కొత్తరోలు వచ్చినపుడు మొదట తవుడో, నూకలో పలుమారులు రుబ్బి పారవేసి, ఇసుక రాలుట మానిన పిమ్మటనే పప్పు రుబ్బుట. రోలు నున్నబడినపుడు కక్కు కొట్టించుట. ఇవన్నియు ఆడువారి చేతులలో నిలిచిన శిలాశాస్త్రము. అంగడిలో నిలిచినపుడు అది మనకు గుర్తునకు రాకపోవుటయే వింత.

ఉదయగిరి వంటయింటి గరిటెలకు గూడ పేరుగలది. అడవికొయ్యలతో గరిటెలు, చెంచాలు, కవ్వములు చెక్కు పనివారు ఇక్కడ తరతరములుగ ఉన్నారు. ఉదయగిరి కొయ్యగరిటెలకు భౌగోళిక గుర్తింపు గూడ లభించినది. కొనిన ప్రతి గరిటెను మరదలు బరువు చూచి, పిడి పట్టుకొని, కలుపుచున్నట్లు త్రిప్పి చూచెను. పది రూపాయల గరిటెను ఇట్లు పరీక్షించువారు, వేలకొలది రూపాయల బండను తాకియైనను చూడకుండ ఇంటికి రానిచ్చుట ఎట్లు?

తిరిగి వచ్చుచు మేస్త్రీ చెప్పిన కృత్రిమపు తెల్లరాతి సంగతి ఆలోచించితిమి. పలుగురాతిపొడిని జిగురుతో కలిపి యంత్రములలో అదిమి దానిని చేయుదురు. మరకలు పట్టవు, చూపునకు అందము. కాని జిగురుండుటచే పొయ్యిమీదినుండి దింపిన గిన్నెను నేరుగ పెట్టినచో మచ్చ పడును. అంతకంటె గొప్ప దోషము దానిని కోయువారికి సంబంధించినది. అందులో నూటికి తొంబదిపాళ్ళకు మించి సిలికా ఉండును. పొడిగ కోసినపుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధి కలిగించును. ఆ వ్యాధిని నయముచేయు మందు లేదు. ఈ కారణముచే ఆస్ట్రేలియా దేశము 2024 జూలై 1నుండి అట్టి రాతిని చేయుట, అమ్ముట, బిగించుట నిషేధించినది. సహజమైన గ్రానైటులో సిలికా తక్కువయైనను లేకపోలేదు. పలుగురాయియే నూటికి ఇరువదినుండి అరువదిపాళ్ళవరకు ఉండును. కావున ఏ రాయి కొనినను, మన వాకిట కోయునపుడు నీరు పోయుచు కోయుడని గట్టిగ చెప్పవలయును. పొడికోత త్వరగ ముగియును, ఒక కుండెడు నీరు మిగులును. ఆ కుఱ్ఱవాని రొమ్ము మాత్రము చెడును. ముక్కునకు కట్టిన తువ్వాలు ఆ ధూళిని ఆపజాలదు. నీటికోతకు కొంత కూలి ఎక్కువ అడిగినను ఇచ్చుట మన ధర్మము. మన అన్నము వండు బండ మరియొకరి ఊపిరి తీసికొని రాగూడదు.

ఆత్మకూరు చేరిన పిమ్మట మరదలే మాటలాడెను. వంటగట్టునకు నడిమిరంగు బూడిదవన్నె గ్రానైటు. సన్నని గింజ, నీరు త్రాగనిది, పసుపునూనె పరీక్షలో నెగ్గినది. మరీ చుక్కలు, చారలు ఉన్నదానిని ఆమె వలదనెను. చీమలు, పగిలిన గాజుముక్కలు వానిలో కలిసిపోయి కంటికి కనబడవని కారణము చెప్పెను. సామానుగదిలోని అరలకు, బిందెలు పెట్టు తిన్నెకు కడపబండ. అక్కడ పులుపు ఒలుకదు. చవుక, చదును, చల్లదనము అన్నియు అక్కడ ఉపయోగించును. తన రాయి ఇంటినుండి పోలేదని అత్తగారు సంతోషించిరి. తమ్ముడు కొంతసేపు ఊరకుండి, "అక్కా, ఈ నిమ్మకాయ సంగతి ముందే చెప్పియున్నచో నేనింత వాదించి యుండనుగదా" అనెను. మెరయు నల్లబండ ఒక చిన్నముక్క తెప్పించి దేవునియరుగునకు వేయించుట అతని కోరిక. అందుకు ఎవరును అడ్డుచెప్పలేదు.

బండ దొరికినంతనే పని ముగియదు. బిగించునపుడు కనిపెట్టవలసినవి కొన్ని గలవు. గట్టు ఎత్తు మేస్త్రీ అలవాటునుబట్టి కాక, వండువారి మోచేతినిబట్టి ఉండవలయును. నిలిచి మోచేయి మడచినపుడు మోచేతికంటె నాలుగైదు అంగుళములు దిగువ బండ పైభాగము ఉన్నచో నడుము వంగదు, భుజము లేవదు. మరదలిని నిలువబెట్టి కొలిచినపుడు కట్టిన గోడ రెండంగుళములు పొట్టియని తేలినది. బండ పరచకముందే ఒక వరుస ఇటుక పెంచిరి. బండ అంచు క్రింది గోడకంటె ఒక అంగుళము ముందుకు రావలయును, దాని అడుగున సన్నని గాడి తీయింపవలయును. ఒలికిన నీరు గాడియొద్ద ఆగి నేలకు జారునుగాని తలుపులమీదికి పారదు. తొట్టికొరకు కోసిన రంధ్రపు మూలలు గుండ్రముగ ఉండవలయును. కోణముగ కోసినచోటనే పగులు పుట్టును. తొట్టికి ముందున్న సన్ననిపట్టీ మిక్కిలి బలహీనమైనది; దానిక్రింద ఆధారము తప్పక పెట్టింపవలయును. అంచులు గుండ్రముగ నూరింపవలయును; పరుగెత్తు పిల్లల తలలు సరిగ ఆ యెత్తుననే ఉండును.

ధర మాటలాడునపుడు బండ ధరయొక్కటే అడుగరాదు. కోతకు, అంచు నూరుటకు, తొట్టి రంధ్రమునకు, దించుకూలికి వేరువేరుగ ఎంతయో ముందే వ్రాయించుకొనవలయును. ముక్కలుపోగా మిగిలినదానిని మనకే ఇమ్మని అడుగవలయును. కిటికీ గడపలకో, చపాతీలు వత్తుటకో పనికివచ్చును. బిగించిన పిమ్మట మరుగుదొడ్డి కడుగు ఆసిడు ఏ రాతిమీదను పోయరాదు. గోరువెచ్చని నీరు, కొంచెము సబ్బు చాలును. గ్రానైటు వేడికి ఓర్చుననుమాట నిజమే. అయినను కాగుచున్న మూకుడును చల్లని బండమీద ఒక్కసారిగ దింపుట మంచిది కాదు, క్రింద ఒక కుదురు పెట్టుట మేలు. కడపబండ ఉన్నవారు చింతింపనక్కరలేదు. పులుపు ఒలికిన వెంటనే తుడిచి, అప్పుడప్పుడు కొంచెము కొబ్బరినూనె పూసినచో అదియు చిరకాలము మన్నును.

సోదరీమణులారా, రాతిలో మంచిచెడ్డలు లేవు. పనికి తగినది, తగనిది అను భేదమే గలదు. ఆ పని ఏదియో దినదినము చేయువారికి తెలిసినంతగ అంగడివారికిగాని, మేస్త్రీకిగాని తెలియదు. కావున మీ యింట వంటగట్టు కట్టు సమయము వచ్చినపుడు సిగ్గుపడి వెనుకనుండక స్వయముగ అంగడికి వెళ్ళుడు. సంచిలో ఒక నిమ్మకాయ, గుప్పెడు చింతపండు, కొంచెము పసుపునూనె వేసికొనుడు. మీరు రోజును వండునదే ఆ రాతికి పరీక్షాధికారి. దాని తీర్పు విని, నీటితో కోయించి, మీ మోచేతి యెత్తున పరపించుకొనుడు.